ఒక్క కార్డు మీద పద్నాలుగు పేర్లు

రష్యావాడు ఆకాశంలోకి పోయి తిరిగొచ్చిన మరుసటి సంవత్సరం మేము తెప్పించే అరవ వారపత్రికలో ఒకేసారి రెండు సైన్సు తొడర్‌కథలు, అంటే వారం వారం సాగే కథలు, వచ్చేవి. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండూ నేనే చదివి వినిపించాలి. ఇంట్లో అందరికీ అరవం వచ్చు గాని, పుస్తకాల అరవం రంగనాయకి అవ్వకు మింగుడుపడదు. అందుకని ఒక్కో వాక్యం చదివి వెంటనే మన తెలుగులో చెప్పేదాన్ని.

మొదటిది "శుక్రుడికి పోయిన ఓడ". అందులో మరగదం అనే ఆడ ఇంజనీరు. ఆ గ్రహం మీద దిగగానే ఓడ పాడైంది. ఎంత గాలి మిగిలిందో, ఎన్ని చెంబుల నీళ్ళున్నాయో రచయిత వారం వారం చెప్పేవాడు. ఒకసారి అయిపోయింది మళ్ళీ పుట్టుకొచ్చేది కాదు. రెండోది "ఇనుప అల్లుడు". మద్రాసులో ఒక ప్రొఫెసరు ఇనుప మనిషిని చేస్తే, సంగతి తెలియక ఎవరో పిల్లనిస్తారు. పోయిన వారం బిందె ఎత్తలేనివాడు ఈ వారం లారీ ఎత్తేవాడు. అదెలాగని నేను అడిగితే, మిల్లులో పనిచేసే మా కోదండరామన్నకు కోపం వచ్చేది.

"ఏమే ధనం, కథకు కారణమెందుకే? తుప్పు పట్టకుండా అత్త వానికి శనివారం నూనె తలంటి పోసింది చూడు, అది చాలదా?"

తలంటికి నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. కాని నవ్వడం వేరు, వారమంతా కాచుకోవడం వేరు. నేను కాచుకునేది మరగదం కోసం.

ఆమెకు ఇంక మూడు దినాల గాలి మాత్రమే ఉందన్న వారం, సంపాదకుడి ప్రకటన వచ్చింది. కాగితం కొరతట, ఒక కథకే చోటుందట. ఏది కావాలో పాఠకులు కార్డు రాయాలి. కార్డుకు ఒక ఓటు. ఆ మాట నేను అందరికీ వినబడేలా మూడుసార్లు చదివాను. అన్న తప్ప ఇంట్లో అందరూ ఓడవైపే. మనిషికో కార్డు రాద్దామన్నాను.

వాలు కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని, ఏమీ విననట్టుండే పెద్దనాయన పెరుమాళ్సామి అప్పుడు పేపరు దించారు.

"ఒక ఇంట్లోనుంచి పదునాలుగు కార్డులు పోతే తపాలాఫీసులో ఏమనుకుంటారు? పెరుమాళ్సామి ఇల్లు పదునాలుగు పాళ్ళుగా వేరుపడిందని పక్కూరు సత్రపట్టి దాకా చెప్పుకుంటారు. ఇంటికి ఒకటే మాట, ఒకటే కార్డు."

ఆ లెక్కన అది ఒక్క ఓటే అవుతుందన్నాను. పదునాలుగు పేర్లు చూసినవాడు పదునాలుగు అనుకోక ఒకటి అనుకుంటాడా అని ఆయన నన్నే అడిగారు. సత్రపట్టి బడిలో ఎనిమిదో తరగతితో ఆగిన నాకు తెలిసిన షరతు, ఊళ్ళో పంచాయితీలు తీర్చే మనిషికి తెలియలేదు. చీమల బారులా పద్నాలుగు పేర్లు ఎక్కాయి. అన్న కూడా మారుమాట్లాడకుండా తన పేరు రాశాడు. మర్నాడు మిల్లుకు పోయి, ఇనుప అల్లుడికి సొంతంగా ఇంకో కార్డు వేశాడు. అంటే పద్నాలుగు మంది ఉన్న ఇంట్లో ఓటు ఒకటికి ఒకటి సరి.

అంతటితో పోలేదు. పెద్దనాయన ఆ కార్డును వీధిలో చూపించి మెప్పు పొందారు. ఇంకో నాలుగిళ్ళవాళ్ళు అలాగే చేశారు. మొత్తం అరవై పేర్లు, అయిదు కార్డులు. కార్డుకు ఒకటే ఓటని నేను ప్రతి ఇంటికీ పోయి చెప్పాను. పెద్దాయన చెప్పినాక నీదేమిటమ్మా అని ఎదురింటి పంకజం అత్త నా చేతిలో మురుకులు పెట్టి పంపింది.

మూడో శుక్రవారం ఫలితం వచ్చింది. ఓడ నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ సంచికలో మరగదం లేదు. ఇనుప అల్లుడు మాత్రం విమానం నడుపుతున్నాడు.

మోసం చేసినారన్నారు పెద్దనాయన. షరతు మళ్ళీ చదివాను.

"ఇది నువ్వు అప్పుడు చెప్పలేదే."

"మూడుసార్లు చదివినాను, పెద్దనాయనా."

"చదివినావు. నాకు పట్టేటట్టు చెప్పలేదు."

నేను పత్రిక మడిచాను. అన్న గోడకానుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. కాసేపటికి పెద్దనాయన గొంతు తగ్గించి అడిగారు.

"ఆ పిల్ల ఊపిరాడక పోయిందా, బతికిందా?"

"తెలియదు. ఇంక ఎవరూ చెప్పరు."

ఆయన లేచి అటూ ఇటూ నడిచారు. తరువాత తన పెట్టెలోనుంచి కార్డు తెచ్చి నా ముందు పెట్టారు.

"రాసినవాణ్ణే అడుగు. మన ఇంటి పేరున రాయి. అందరూ రండి, వరసగా కైయెళుత్తు పెట్టండి."

సంతకం రాని అవ్వ వేలిముద్ర వేయడానికి వేలు తుడుచుకుంటూ అప్పుడే లేచింది. నేను కలం తీసుకుని, మరగదం బతికిందా అని ఒక వాక్యం రాశాను. దాని కింద, కార్డు ఆ అంచు నుంచి ఈ అంచు దాకా, బడిలో పలక మీద రాసినంత పెద్ద అక్షరాలతో నా పేరు రాశాను. ఇంకొకరికి చోటు లేదు.