షాజియక్క వెనక్కి జరిగింది

షాజియా రైల్వే జట్టుకు పద్దెనిమిదేళ్లు ఫార్వర్డ్‌గా ఆడింది. నలభై రెండో ఏట సొంతూరు గద్వాల స్టేషన్‌కు బదిలీ మీద వచ్చి, టికెట్ల కిటికీ వెనక కూర్చుంది. ఒకరోజు ఆ కిటికీ దగ్గరికి రోహిణి వచ్చింది. మగ్గం నేసే ఇంటి పిల్ల, గద్వాల మహిళల హాకీ జట్టుకు కెప్టెన్.

"టికెట్ ఎక్కడికి?"

"ఎక్కడికీ వద్దక్కా. మా టీముల ఆడుతవా, అడుగుదామని వచ్చిన."

షాజియా కాదనలేకపోయింది. మైదానంలో మళ్లీ తన పేరు వినాలని ఆమెకూ ఉంది.

మొదటి ఆట వనపర్తిలో. అమ్మాయిలు దొరికిన ప్రతి బంతినీ ఆమెకే అందించారు. రోహిణి గోల్ ముందు ఒంటరిగా ఉండి కూడా, బంతిని వెనక్కి తిప్పి ఆమెకే కొట్టింది. అప్పటికే షాజియా మోకాలు పట్టేసింది. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు.

ఒక్కరూ ఆమెను తప్పుపట్టలేదు. గోల్‌కీపర్ అమూల్య ఆమె మోకాలికి ఐసుముక్కలు కట్టింది. ఆ మంచితనమే షాజియాను ఎక్కువ బాధపెట్టింది.

"గోల్ ముందలనే ఉంటివి. బంతి ఎందుకు తిప్పినవ్?" అని రోహిణిని అడిగింది.

"నువ్వుండంగ నేనెట్ల కొడతనక్కా?"

ఆ మాట షాజియాను వారం రోజులు వదల్లేదు. తను వచ్చి వీళ్లకు బలం ఇవ్వలేదు, బెరుకు తెచ్చింది.

ప్రాక్టీసులో చెప్పేసింది. "ఇగ నేను వెనక ఆడత, డిఫెన్సుల. నాకు బంతి ఇయ్యకుండ్రి."

అందరూ నవ్వారు. కాసేపటికి అమూల్య అలవాటుగా బంతిని ఆమె వైపే తోసింది. షాజియా కర్ర పైకెత్తి, బంతిని గీత దాటి పోనిచ్చింది. ఎవరూ మళ్లీ నవ్వలేదు.

తర్వాతి ఆట నాగర్‌కర్నూల్లో. వెనక నిలబడి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తూ, షాజియా దారి చెబుతూనే ఉంది. స్కోరు ఒకటి ఒకటి. చివరి నిమిషాల్లో బంతి ఆమె కర్రకే చిక్కింది. ముందంతా ఖాళీ. కాళ్లు పాత అలవాటుతో ఉరకబోయాయి. వాటిని ఆపుకుని, ఎడమవైపున్న రోహిణికి బలంగా కొట్టింది.

బంతి అందుకున్న రోహిణి తలతిప్పి ఆమె కోసం చూసింది.

"నా దిక్కు చూడకు బిడ్డా! కొట్టు!"

కొట్టింది. గోల్.

జట్టంతా పోయి రోహిణి మీద పడింది. షాజియా దగ్గరికి ఎవరూ రాలేదు. కర్ర మీద ఆనుకుని నిలబడితే ఆమెకు గుండెల్లో ఎక్కడో చిన్నగా కలుక్కుమంది. అంతలోనే నవ్వూ వచ్చింది.

గుంపును విడిపించుకుని రోహిణి మైదానమంతా ఉరుక్కుంటూ వచ్చింది. "అక్కా, చూసినవా?"

షాజియా అంతా చూసింది. అయినా ఆ పిల్ల ముఖంలో చెమటను తన జెర్సీ అంచుతో తుడుస్తూ, "నేను గింత దూరముంటి, సరిగ కనబడలే. ఎట్ల కొట్టినవో జర చెప్పు" అంది.