తుడిచిన సీసా

మద్దిలేటి నంద్యాలలో బస్సెక్కి ఫోన్ చేసేసరికి అతని భార్య నాగవేణి కొంగు నడుముకు బిగించి అటక మీద ఉంది. "వస్తాండా," అన్నాడు. అంతే. ఆ గొంతులో ఉన్నది సంతోషమో భయమో ఆమెకు అంతుబట్టలేదు.

తాగుడు మాన్పించే సెంటర్లో నెలల తరబడి ఉండి వస్తున్న మనిషి. అతనొచ్చేలోగా ఇల్లు కొత్తగా కనబడాలని నాగవేణి పొద్దున్నుంచీ ఒక్కచోట కూర్చోలేదు. చిరిగిన పరుపు, తుప్పు పట్టిన ఫ్యాను, మూతల్లేని డబ్బాలు అన్నీ పాత సామాన్ల బండికి వేసేసింది. అసలు వేట మాత్రం సీసాల కోసం. బియ్యం డ్రమ్ము అడుగున ఒకటి, పాత హెల్మెట్లో ఒకటి, ఆఖరికి ఆమె కుట్టుమిషను సొరుగులో ఒకటి! ఆళ్లగడ్డలో రాతికి ముక్కూ మొహం తీర్చే శిల్పి కదా, దాచడంలోనూ పనితనం చూపించాడు మహానుభావుడు. దొరికినవన్నీ తిట్టుకుంటూ మోరీలో పారబోసింది. ఈసారి తాగితే తన పుట్టినూరు బండి ఆత్మకూరుకు పోతానని, మళ్లీ రానని సెంటర్లో చేర్చిన రోజే చెప్పింది. ఉత్తుత్తి బెదిరింపు కాదది.

చివరగా దేవుడి గూడు మిగిలింది. అహోబిలం నరసింహస్వామి పటం తీసి తుడుస్తుంటే వెనకాల నిండు క్వార్టర్ సీసా, మూత కూడా విప్పనిది. ఇన్నాళ్లూ స్వామి దానికి కాపలా కాశాడన్నమాట. నాగవేణికి ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. మోరీ దాకా పట్టుకుపోయి, మూత మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

పారబోస్తే ఇల్లు శుభ్రమవుతుంది. మనిషి సంగతి తెలిసేదెట్లా? రోజూ నోరు వాసన చూస్తూ బతకాలా? తేలేదేదో ఈరోజే తేలిపోవాలి. సీసాను తెచ్చి మళ్లీ పటం వెనకే పెట్టేసింది.

మద్దిలేటి చిక్కిపోయి వచ్చాడు. గడప దగ్గరే నిలబడి ఇల్లంతా కలయజూశాడు.

"ఏందీ, మనిల్లేనా ఇది?"

"కాళ్లు కడుక్కో పో. అన్నం పెడతా."

కడుక్కుని నేరుగా దేవుడి గూటి దగ్గరికి పోయాడు. వంటింట్లోంచి చూస్తున్న నాగవేణి చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. అతను దండం పెట్టుకున్నాడు. ఆ తర్వాత చెయ్యి మెల్లగా పటం వెనక్కి పోయింది.

సీసా తీశాడు. వేలితో రుద్ది, ఆ వేలు చూసుకున్నాడు.

"తుడిచినావే," అన్నాడు.

నాగవేణి నాలుక కరుచుకుంది. పొద్దున్నుంచీ చేతికి తగిలినదల్లా తుడిచిన ఊపులో దీన్నీ తళతళలాడించి పెట్టింది!

"పరీక్ష పెట్టినావా నాకు?"

"పెట్టినా. నమ్మకం లేక పెట్టినా. ఎన్ని తూర్లు ఒట్టేసినావు నువ్వు?"

గొడవకు దిగుతాడనుకుంది. దిగలేదు. అతని చేతులు మాత్రం వణుకుతున్నాయి.

"బస్సులో ఉన్నంతసేపూ ఇదే కండ్ల ముందర. నువ్వు పారేసింటావులే అనుకున్యా." సీసా ఆమె చేతిలో పెట్టాడు. "మూత నువ్వే తియ్యి. నేను తీస్తే ఆగలేను."

ఆమె మోరీలో పోసింది. వాసన గుప్పుమంది. బకెట్ నీళ్లు కుమ్మరించేదాకా మద్దిలేటి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు చూస్తుంటే ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది. అయినా అడగకుండా ఉండలేకపోయింది.

"ఇంగ యాడన్నా ఉన్నాయా?"

అతను తల తిప్పి వాకిలి వైపు చూశాడు.

"ఒకటుంది. నీకు జన్మలో దొరకదు."

వాకిట్లో సగం చెక్కి వదిలేసిన రాతి నంది ఉంది. మద్దిలేటి గడ్డపార తెచ్చి దాని కింద దూర్చాడు. ఒళ్లంతా బరువు వేసి నొక్కితే రాయి ఒకపక్క జానెడు లేచింది. కింద చీకట్లో సీసా మెరిసింది.

"నేను పట్టుకుంటా. నువ్వు చెయ్యి పెట్టి తియ్యి."

నాగవేణి గడ్డపార మీదున్న అతని చేతుల వైపు చూసింది. ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, గాజులు వెనక్కి లాక్కుని, రాయి కిందికి చెయ్యి పెట్టింది.