ఇద్దరి తొట్టి

జగ్గయ్యపేటలో పైపులూ కుళాయిలూ అమ్మే కుటుంబరావుకి వీపు మధ్యన జానెడు మేర ఏనాడూ సబ్బు తగల్లేదు. రుద్దేవాళ్ళు లేరు. తమ్ముడి చదువూ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళూ అయ్యేసరికి ఆయన పెళ్ళి మాట ఇంటిల్లిపాదీ మరిచిపోయారు. యాభై దాటాక, కొట్టుకి వచ్చిన రంగుల కేటలాగులో ఏదో దేశపు పెరటి ఫోటో చూశాడు. ఆవిర్లు కక్కే నీళ్ళ తొట్టి, పక్కన రాళ్ళ మీంచి దూకే ధార. మనిషన్నాక ఒక్క సరదా అయినా తీర్చుకోవద్దా అని మేస్త్రీ సొలొమోనుని పిలిపించాడు.

"ఒకళ్ళకాండీ, ఇద్దరికాండీ?" టేపు పట్టుకుని అడిగాడు సొలొమోను.

ఒక్కడికేనని చెప్పడానికి కుటుంబరావుకి నోరు రాలేదు. "ఇద్దరికే" అన్నాడు.

అలాగే కట్టాడు. రాగి బాయిలరు నుంచి ఒక పైపు, బావి మోటారు నుంచి ఒక పైపు. తొట్టి నిండి పొర్లిన నీళ్ళు నాపరాళ్ళ మెట్ల మీంచి జారి, గోడ కింద తూములోంచి పక్కింటి కనకాంబరాల మడిలోకి పోతాయి. ఆ ఇంట్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే పుష్పవతి ఉంటుంది. ఆమె కూడా ఒంటరే.

మొదటి రోజు పొద్దున కుటుంబరావు దిగగానే ఇద్దరు మనుషులు దిగితే పొర్లేన్ని నీళ్ళు పొర్లాయి. ఎదురుగా ఎవరూ లేరు. సొలొమోను వచ్చి చూసి, ఇద్దరికి కట్టిన తొట్టి మరెలా పొర్లుతుందన్నాడు. పాలు పోసే రత్తమ్మ ఆ రెండో మనిషికీ ఒక తువాలు పెట్టమంది. పెట్టాడు. వీపు రుద్దకపోతే మానె, ఎదురుగా ఎవరో కూర్చున్నారన్న ఊహకే ఆయన కళ్ళు చెమ్మగిల్లేవి.

మడి నిండగానే గోడవతల నుంచి "చాలండి" అని వినపడేది. ఈయన కుళాయి కట్టేసేవాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాట అదొక్కటే.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో తమ్ముడు శ్రీమన్నారాయణ నందిగామలో మేడ కట్టి, పైగది అన్నయ్యకే అన్నాడు. ఒంటి బతుక్కి కుటుంబరావుకీ విసుగొచ్చింది. కొట్టు వేరేవాళ్ళకి ఒప్పజెప్పాడు, పెట్టె సర్దాడు. పదింటి బస్సుకి ప్రయాణమని వీధంతటికీ తెలుసు. ఆ పొద్దున ఆఖరిసారి తొట్టిలో దిగాడు. ఒక్క మనిషి నీళ్ళే పొర్లాయి.

ఆ తోడు కూడా వెళ్ళిపోయిందనుకున్నాడు. అంత ఒంటరితనం ఆయన ఎన్నడూ ఎరగడు. కుళాయి వదిలేసి అలాగే కూర్చుండిపోయాడు. నీళ్ళు మెట్లు దిగి పారుతూనే ఉన్నాయి. మడి ఎప్పుడో నిండి ఉంటుంది. చాలండి అన్న మాట మాత్రం రాలేదు.

పిలిచాడు. పలకలేదు. తడిబట్టలతోనే, ఆ వయసులో, గోడెక్కి దూకాడు. పుష్పవతి మడి పక్కన జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉంది. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచి, మంచం పక్కన ఆయన్ని చూసింది.

"మీ బస్సు వెళ్ళిపోయుంటుందండి."

"పోనీలెండి."

ఆమె ఇంటికొచ్చిన మర్నాడు కుటుంబరావు తొట్టిలో దిగాడు. ఇద్దరి నీళ్ళూ పొర్లి మెట్లు దిగాయి. మడి నిండే వేళకి కుళాయి మీద చెయ్యి వేసి, ఆ మాట కోసం కాచుకున్నాడు.

"ఇంకాసేపు రానివ్వండి" అంది పుష్పవతి.