అన్నీ సరి సంఖ్యలే

“అక్కా, పని అయిపాయ. రిపోర్టు తెరిసి చూడు, నీ కండ్లకు పండగే,” అన్నాడు తిరుపాల్ ఫోన్లో.

అప్పుడు నేను ధర్మవరంలో, చెన్నకేశవులుగారి పట్టుచీరల అంగడి మిద్దె మీది కంప్యూటర్ గదిలో ఉన్నాను. పెళ్ళయి ఆ రోజుకు నలభై రెండు రోజులు. ఎవరూ అడగకపోయినా రోజులు లెక్కపెట్టుకోవడం నాకిష్టం. అంగడిలో నా పని కూడా లెక్కపెట్టడమే. మా చీరల వెబ్‌సైట్లో ఏ పేజీని ఎన్నిసార్లు చూశారో లెక్కించే చిన్న కోడు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ట్యాగు అంటారు. పాత ట్యాగులు నడిపే సంస్థ మూతపడబోతోందని తెలిసి, వాటిని కొత్త పద్ధతిలోకి మార్చే పనిని చెన్నకేశవులుగారు బెంగళూరు కంపెనీ ఒకదానికి అప్పజెప్పారు. ఆ కంపెనీ తరఫున మాతో మాట్లాడే తిరుపాల్‌ది ముదిగుబ్బ. ఇద్దరు పిల్లల తండ్రి. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అక్కా అంటాడు.

కొత్త ట్యాగులు పెట్టి రెండు వారాలైంది. మొదటి రిపోర్టు ఆ మధ్యాహ్నమే ఇచ్చారు. తెరిచాను. రెండు వారాల్లో 8,214 సార్లు చూశారు. అంతకు ముందు రెండు వారాల్లో నాలుగు వేల అరవై.

మెట్లు రెండేసి చొప్పున దిగి, కింద చీరలు మడత పెట్టిస్తున్న చెన్నకేశవులుగారికి చెప్పాను.

“రెండింతలా?” అన్నారు. “ఆ మామిడిపిందెల అంచు చీర సంగతేమి?”

“తొమ్మిది వందల ముప్పై ఆరు సార్. ముందు నాలుగు వందల అరవై చిల్లర.”

ఆ చీర నేసిన చౌడక్క అక్కడే ఉంది. అప్పుడే ఇంకో చీర తెచ్చి అప్పజెప్పి, తాంబాలంలోని మంచినీళ్ళ గ్లాసు అందుకుంటోంది. చెన్నకేశవులుగారు ఆమె వైపు తిరిగారు.

“చౌడక్కా, ఇంట్లో ఇంకో మగ్గం ఏసుకో. పట్టు నేనిస్తా. ఆ అంచు చీరలే నేసి పెట్టు.”

చౌడక్క గ్లాసు కింద పెట్టింది.

“అట్లయితే మా రంగప్పను ఇంటికి రమ్మంటాను,” అంది.

రంగప్ప ఆమె భర్త. ఒకప్పుడు మంచి నేతగాడే. రెండో మగ్గానికి పని దొరక్క తొమ్మిదేళ్ళ కిందట హిందూపురంలో నూలు మిల్లులో చేరాడు. అక్కడే ఉంటాడు. ఆదివారం మాత్రం రైలెక్కి ఇంటికొస్తాడు.

“నీదేముంది కొత్త పెండ్లికూతురా, దినామూ సాయంత్రమయ్యేసరికి మొగుడు కనపడతాడు,” అంది నన్ను చూసి. “నాకుండేది ఆదివారం మొగుడు. అదీ పొద్దంతా పండుకోనే ఉంటాడు.”

అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వుతూనే నా ఫోన్ అడిగింది. మిల్లు ముందర టీ అంగడి పెట్టుకున్న ముత్యాలప్ప నంబరు ఆమెకు నోటికి వచ్చు. నేనే నొక్కి ఇచ్చాను.

“ముత్యాలప్పా, మా ఆయనకు చెప్పు. రెండో మగ్గం వస్తాంది. పని మానేస్తానని కాయితం రాసిచ్చి వచ్చేయమను. ఆ, రేపే. తొమ్మిదేండ్లు చాల్లే.”

సాయంత్రం పాసింజరు రైల్లో కిటికీ పక్క సీటు మీద చేతిరుమాలు వేసి కూర్చున్నాను. మా ఆయన గంగాధర పెనుకొండ కరెంటాఫీసులో జూనియర్ అసిస్టెంటు. నేను ధర్మవరంలో ఎక్కితే ఆయన పెనుకొండలో ఎక్కుతాడు. ఇద్దరం హిందూపురంలో దిగుతాం. పెనుకొండ స్టేషను వస్తుంటే ఇప్పటికీ నా గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆ మాట ఆయనకు ఇంకా చెప్పలేదు. ఆ రోజు ఒక సీతాఫలం తెచ్చాడు. ఒక్కటే. నొక్కి చూసి, “రేపటికి పండుతుంది,” అని నా సంచిలో వేశాడు.

మాకొక ఆట ఉంది. కనబడిన అంకె బేసి అయితే ఆయన గెలిచినట్టు, సరి అయితే నేను. ఓడినవాళ్ళు ఉడకబెట్టిన శనక్కాయలు కొనాలి. రోజూ గూడ్సు బండ్ల నంబర్లతో ఆడేవాళ్ళం. ఆ రోజు నా దగ్గర అంతకంటే మంచి అంకెలున్నాయి. రిపోర్టులో ఎక్కువ మంది చూసిన చీరల లెక్కలు ఒక అట్టముక్క మీద రాసుకొచ్చాను, ఆయనకు చూపించాలని.

“తొమ్మిది వందల ముప్పై ఆరు,” అన్నాను.

“సరి. నీదే.”

“ఆరు వందల పన్నెండు. నాలుగు వందల ఎనిమిది. మూడు వందల డెబ్బై నాలుగు.”

“శనక్కాయలు కొంటాలే, ఆపు.”

ఆపలేదు. పదకొండు అంకెలు చదివాను. పదకొండూ నేనే గెలిచాను. పొట్లం నా ఒళ్ళో పడింది. ఆయన మాత్రం అట్టముక్క తీసుకుని వెనక్కీ ముందుకీ చూస్తున్నాడు.

“ఇంకా ఏమైనా ఉన్నాయా?”

“ఓడిపోయారు కదా, ఇంకెందుకు?”

“అరుణా, దినామూ వందల మీటర్ల రీడింగులు చూస్తాను. వరసగా పదకొండు సరి సంఖ్యలు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో మనిషిని మీ కంప్యూటరు రెండుసార్లు లెక్కేస్తాందేమో.”

శనక్కాయ నోటి దాకా తెచ్చి ఆగిపోయాను. మొత్తం 8,214. అదీ సరి సంఖ్యే. వెంటనే తిరుపాల్‌కు ఫోన్ చేశాను.

“తిరుపాల్, ట్యాగు యాడ పెట్టినావు?”

“పేజీలన్నిటికీ పైన ఒకే ముక్క ఉంటాది కదక్కా, దాంట్లో. ఒక్కచోట పెడితే అన్నిటికీ వస్తాది.”

“మరి ఎనభై ఆరు పేజీల్లో చేత్తో అతికించమని నాకు మెయిల్ పంపిందెవరు? మూడు రోజులు కూర్చుని అతికించాను.”

అవతల కీబోర్డు టకటకలాడింది.

“అది ఇంకో టీమ్ అక్కా,” అన్నాడు చివరికి. “వాళ్ళు చెప్పింది మాకు తెలీదు.”

“సరే, నేను పెట్టినవి తీసేస్తాను.”

“నీ పాస్‌వర్డు మధ్యాన్నమే ఆపేసినాం. పని ముగిసినాక ఆపాల అని ఒప్పందం కాయితంలో ఉండాది.”

“అయితే నువ్వు తియ్యి.”

“నా చేతిలో ఏముందక్కా. మార్పు కావాలంటే కొత్తగా అడగాల. మూడు పని దినాలు. రేపు శనివారం, అది లెక్కకు రాదు.”

“మా సార్‌కైనా ఫోన్ చేసి చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాడు.”

“నేను చెప్పకూడదు. తప్పు జరిగిందనే మాట మా మేనేజరు మెయిల్లోనే పోవాల. నా ఉద్యోగం పోతాదక్కా.”

చెన్నకేశవులుగారికి నేనే చేశాను. అంతా విన్నారు.

“మధ్యాన్నం రెండింతలంటివి, ఇప్పుడు సగమంటావు. మా అంగట్లో బేరం మాదిరి ఉండాదే ఇది,” అన్నారు. “వాళ్ళను రాసియ్యమను, నమ్ముతా. అందాకా మగ్గం మాట మగ్గం మాటే.”

“చౌడక్క భర్త మిల్లు పని మానేస్తున్నాడు సార్.”

“మానేయనీ. రెండు నెలలు చూస్తాం. చీరలు పోకపోతే రెండో మగ్గం నిలిపేస్తాం. దానికింత దిగులెందుకమ్మా?”

ఆయనకు అది నిలిపేయగల మగ్గం. పని మానినవాణ్ణి మిల్లు మళ్ళీ తీసుకోదని ఆయనకు తెలియదా? అడగలేకపోయాను. చౌడక్క దగ్గర ఫోన్ లేదు. ఇక మిగిలింది ముత్యాలప్ప. మధ్యాహ్నం నొక్కిన నంబరుకే చేశాను.

“రంగప్పనా? రాత్రి షిఫ్టుకు లోపలికి పోయినాడు తల్లీ,” అన్నాడు. “కాయితం నేనే రాసిస్తి. పొద్దున ఆరింటికి షిఫ్టు దిగి, గేటు బయటుండే ఆఫీసులో మేనేజరు చేతికిచ్చి, అట్నే రైలెక్కుతాడంట. తొమ్మిదేండ్లలో ఎవరికీ ఒక్క టీ ఇప్పించని మనిషి ఈ పొద్దు అందరికీ పోయించినాడు.”

“ఎవరితోనైనా లోపలికి కబురు పంపగలవా? కాయితం ఇయ్యొద్దని.”

“షిఫ్టులో ఉన్నోళ్ళకు కబుర్లు పోనీరు. అయినా ఎందుకియ్యగూడదు? ఇస్తే ఆ జాగాకు నలభైమంది కాసుకోనుండారు.”

సిగ్నల్ పోయిందో, నేనే పెట్టేశానో గుర్తు లేదు. చాకర్లపల్లి దాటింది. మలుగూరు దాటింది. రైలు ఎక్కడా ఆలస్యం కాలేదు. ఎప్పుడూ గంట ఆలస్యంగా నడిచే రైలు, ఆ రోజు నేను ఏమీ చెయ్యలేకపోతుంటే చక్కగా పోతోంది. చౌడక్క ఈపాటికి మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత ఎక్కడ తవ్వాలో చూసుకుంటూ ఉంటుంది. ఆమె ఇల్లు ఒకే గది. పొయ్యి పక్కన తప్ప చోటు లేదు.

“తప్పు నీది కాదు,” అన్నాడు గంగాధర.

“మెట్లు రెండేసి దిగి చెప్పింది నేనే కదా. ఫోన్ నొక్కి ఇచ్చిందీ నేనే.”

ఆయన నా ఒళ్ళోని పొట్లం తీసి, మూతి మడిచి, సీతాఫలం పక్కన పెట్టాడు. హిందూపురంలో దిగాం. ఆయన స్కూటరు స్టాండులోంచి బయటికి తీసి కిక్కు కొట్టబోతుంటే హ్యాండిలు పట్టుకుని ఆపాను.

“ఏమని చెప్తావు రంగప్పకి?” అన్నాడు, నేను అడగకముందే.

“ఏమో. మీ ఆవిడ ఆశ పడింది నా మాట విని, ఆ మాట తప్పు అని చెప్పాలి. వింటే వింటాడు.”

“వినకపోతే?”

“వినకపోయినా సరే. రేపు ఆరింటికి ముందే మిల్లు గేటు దగ్గర నిలబడతాను. మీరు నన్ను స్కూటరు మీద దించండి. కాయితం ఆయన జేబులో ఉన్నప్పుడే చెప్పాలి,” అన్నాను.