నీలం రాని రక్తం

రిబ్కమ్మ వేడి ఇసుకలో ఆరిన గాజుగొట్టాన్ని తీసి, చల్లారనిచ్చి, చెంపకు ఆనించుకుంది. కంటికి కనబడని తడి చెంపకు తెలుస్తుంది. చుక్క నీరు మిగిలినా తన మందు పాలలా విరిగిపోతుందని, రక్తపరీక్షలకు పట్నం నుంచి వచ్చిన స్తెఫను నిన్ననే కేకలేశాడు.

గొట్టాలు ఆరబెట్టడం ఆమెకు కష్టం కాదు. లోపలి గదిలోకి మోయడమే భయం.

నారాయణఖేడ్ మిషన్ దవాఖానలో ఆమె చెయ్యి తగలని గోడ లేదు. మొగుడు ఇక్కడే కన్ను మూశాడు. సమాధి చేసి వచ్చి, అతను మందు తాగిన గ్లాసు కడిగింది. ఆ కడగడం ఇప్పటికీ ఆగలేదు. దవాఖాన వెనక గుడిసె ఇచ్చారు. అదే ఇల్లయింది.

రక్తానికి వెలుతురు తగలకూడదని స్తెఫను కిటికీలకు గొంగళ్లు కట్టించాడు. ఆ గదిలోకి వెళ్తే అందరికీ కాసేపటికి బల్ల కనబడుతుంది. రిబ్కమ్మకు కనబడదు. కరువు మొదలైనప్పటి నుంచి పొద్దుగూకితే ఆమెకు లోకం మూసుకుపోతోంది. పొయ్యి రాజెయ్యాలని సాకు చెప్పి వెలుగుండగానే గుడిసె చేరుతోంది. రేచీకటి అని తెలిస్తే గాజు ముట్టనివ్వరు. గాజు పోతే గుడిసె పోతుంది.

వరండాలో సిర్గాపూర్ పిల్లలు కూర్చున్నారు. కళ్లు పొడిబారి, ఈగ వాలినా రెప్ప వెయ్యడం లేదు. పొద్దున తీసిన వాళ్ల రక్తం గడ్డకట్టి పైన తేట నిలిచింది. ఆ తేటకు మందు కలిపితే నీలం పుడుతుంది. చూపును కాపాడే, విటమిను అని స్తెఫను చెప్పే సత్తువ ఎంతుంటే అంత నీలం, చూస్తుండగానే వెలిసిపోతుంది. నీలం తక్కువైన పిల్లలకు చేపనూనె సీసా ఇస్తారు.

"ముందుగాల మందు మంచిగున్నదో లేదో చూడాలె. ఎవరన్న గట్టి మనిషి రక్తం కావాలె," అన్నాడు స్తెఫను.

నర్సు గ్రేసమ్మ నవ్వింది. "నాకు సూదంటేనే కండ్లు తిరుగుతయి. మా రిబ్కవ్వది తీస్కో. జొన్నరొట్టె తిని గుండు లెక్క ఉన్నది. మనందర్ని సాగనంపినంకనే పోతది."

వద్దంటే ఎందుకని అడుగుతారు. రిబ్కమ్మ చెయ్యి చాపింది.

మధ్యాహ్నం దాటాక, లోపలి గదిలో గోడకు అంటుకుని నిలబడి, రిబ్కమ్మ నల్లటి చీకట్లో చెవులు రిక్కించింది. మూత తీసిన చప్పుడు. తరువాత ఏమీ లేదు.

"ఏంది గిది? రంగే రాలే!" స్తెఫను గొంతు. "మందు ఖరాబయింది. పిల్లల రక్తం పారబోసి ఇండ్లకు పంపియ్యుండ్రి."

"సీసాలన్న ఇద్దం," అంది గ్రేసమ్మ.

"రంగు చూడంది ఇయ్యద్దని హుకుం."

"మల్ల మందు ఎప్పుడొస్తది?"

"లడాయి రోజులు. ఎవరికెరుక?"

బయట ఒక పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. రిబ్కమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"మందు మంచిదే, అయ్యా. నా రక్తంలనే లేదేమో."

"ఏందవ్వా?"

"పొద్దుగూకితే నాకేం కానరాదు. గిప్పుడు నువ్వేడున్నవో గూడ ఎరుక లేదు. తడుముకుంట తెస్తున్న గొట్టాలు."

"నాకన్న చెప్పొద్దా, అవ్వా!" అంది గ్రేసమ్మ.

"చెప్తే ఉంచుకుందురా, బిడ్డా?"

గ్రేసమ్మ కళ్లు గట్టిగా మూసుకుని స్తెఫను ముందు తన చెయ్యి పెట్టింది.

కొంతసేపటికి ఆమె రక్తపు తేటలో నీలం విచ్చుకుంది. ఆ తరువాత పిల్లల గొట్టాలన్నీ ఒకదాని వెంట ఒకటి చూశారు. తల్లులు సీసాలు కొంగులో ముడేసుకున్నారు. పిల్లలకే అవి చాలలేదు.

రిబ్కమ్మను ఎవరూ గొట్టాలు తెమ్మనలేదు. ఆ పని స్తెఫనే చేసుకున్నాడు. ఆమె గుడిసెలోకి పోయి చీరలు మూటకట్టుకుని వచ్చింది.

"దవాఖాన దొరతోని నేను మాట్లాడ్త. తొందరపడకు," అంది గ్రేసమ్మ.

"ఏం మాట్లాడ్తవ్? పగిలితే పిల్లల పాణం. దేవప్ప బండి కల్హేర్ పోతున్నది. ఆడ మా చెల్లె ఉన్నది. వెలుగుండంగనే పోనియ్యి."

గ్రేసమ్మ పరుగున పోయి కందిలి తెచ్చింది. రిబ్కమ్మ దాని గాజు ఊడదీసి, మసిని కొంగుతో తుడిచి, మళ్లీ బిగించింది. గ్రేసమ్మ వత్తి వెలిగించి ఆమె చేతికిచ్చింది.

బండి ముందుకు సాగింది. రిబ్కమ్మ వెనక్కి తిరగలేదు. కల్హేర్ దారి మలుపులో ఎడ్ల గంటలు కూడా వినబడకుండా పోయాక, గ్రేసమ్మ లోపలికి పోబోయి ఆగింది.

రిబ్కమ్మ వదిలిపోయిన కందిలి వరండా మెట్టు మీద ఉంది. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. తుడిచిన గాజులో మంట ఉన్నదీ లేనిదీ తెలియకుండా వెలుగుతోంది.