మా వదిన కత్తిరించిన ప్యాకింగ్

మా వదిన దర్జీ. ముప్పై ఏళ్ళుగా ఇంటి ముందు గదిలో మెషిన్ పెట్టుకుని కుడుతోంది. అలాంటావిడ పాత మోటారు సైకిలుని ఇంట్లోనే విప్పి బాగుచేసిందంటే నమ్మనివాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పక్కనే ఉండి చూశాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఆ బండి వదిన వాళ్ళ నాన్నది. నాకంటే వయసులో పెద్దది. ఒకే సిలిండరు, బరువైన ఇనప మడ్‌గార్డులు, టాంకుకి రెండు పక్కలా మోకాళ్ళు ఆనించుకోడానికి రబ్బరు బిళ్ళలు. పద్నాలుగో ఏట దాని మీదే ఆవిడకి గేర్లు నేర్పాడాయన. పోయేముందు కొడుకులిద్దరూ ఉండగా బండి కాగితాలు కూతురి పేర మార్పించాడు. వాళ్ళు నవ్వుకున్నారు, ఆవిడ మాత్రం బండిని ఇంటికి తెచ్చుకుంది. కానీ కుట్టుపని, పిల్లల చదువులు, మంచాన పడ్డ అత్తగారి సేవ, వీటితోనే సరిపోయింది. పద్దెనిమిదేళ్ళు అది మా అన్నయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత పరుపుల కింద ఉండిపోయింది. కదిలించిన పాపాన ఎవరూ పోలేదు.

ఈ ఏడాది ఆ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్తగా తీసుకున్న ఫ్లాటు మూడో అంతస్తులో. కింద సెల్లారులో ఒక బండికి చోటిస్తారు. అయితే అక్కడి సెక్రటరీ ముందే ఖండితంగా చెప్పేశాడు. నడిచే బండి అయితేనే లోపలికి రానిస్తాడట, తోసుకొచ్చిన తుక్కుకి చోటు లేదట. వెనకటికి ఎవరో ఇలాగే ఆగిపోయిన కారు తెచ్చి పెడితే అందులో పిల్లులు కాపురం పెట్టాయట. ఒకటో తారీఖు పొద్దున బండి తన ఇంజనుతో తనే రావాలి. లేదంటే ఇక పాత ఇనప సామాను కొట్టుకే. చేతిలో ఉన్నది రెండు నెలలు.

ఫోటో తీసి గోడకి పెట్టుకుందాంలే అన్నాడు అన్నయ్య. ఆ మాటకి వదిన వారం రోజులు ఆయనకి టీ ఇచ్చింది గానీ మాట కలపలేదు.

మా పేటలో మెకానిక్కులందరికీ పని నేర్పిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని గురువుగారనే పిలుస్తారు. ఆయన వచ్చి కిక్కు తొక్కి చూసి, ఇంజను లోపల బిగుసుకుని పట్టేసిందన్నాడు. తన చేతిలో పని ఉంది, ఆర్నెల్లకి గానీ ముట్టుకోలేనన్నాడు. మరి నేనే విప్పుకుంటే ఎలా ఉంటుందని అడిగింది వదిన. ఆయన నవ్వలేదు.

"విప్పడం ఎవరైనా విప్పుతారమ్మా. బిగించాక నాలుగు బోల్టులు మిగులుతాయి. అక్కడే వస్తుంది చిక్కు."

"మిగలనివ్వను" అంది వదిన.

మరుసటి రోజే మొదలుపెట్టింది. కటింగు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనీ దాని మీద పెట్టి చుట్టూ సుద్దతో గీసింది. చొక్కా ముక్కలకి గుర్తులు పెట్టుకున్నట్టే ఏది ఎడమ, ఏది కుడి, ఏది ఏ వరసలో వచ్చిందీ అన్నీ చీటీల మీద రాయించింది. రాసింది అన్నయ్య. ఆయన ఆఫీసులో గుమాస్తా, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. స్క్రూడ్రైవరు ఇస్తే మాత్రం దాన్నీ కలంలాగే పట్టుకుంటాడు.

బోల్టులు గుండీల డబ్బాల్లోకి వెళ్ళాయి. కార్బురేటరు సన్న కన్నాల్లో పేరుకున్న జిగురుని మైనం రాసిన దారంతో లాగి లాగి తీసింది. సూది పెడితే కన్నం పెద్దదైపోతుందట. పట్టేసిన ఇంజనులో ప్లగ్గు కన్నంలోంచి కిరోసినూ ఆయిలూ కలిపి పోసి, కుట్టుపని ముగిశాక రోజూ బండిని గేరులో ఉంచి వెనక చక్రాన్ని వెంట్రుకవాసి ఇటూ అటూ ఊపింది. ఒక్క రోజు కూడా బలం చూపించలేదు. పదో రోజు అదే కదిలింది. నేనైతే రెండో రోజే సుత్తి తీసుండేవాణ్ణి.

ఈలోగా కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళ తిప్పలు వేరు. ఒకావిడ తన గౌను ఎప్పుడిస్తావంటే, గేర్లు ఎక్కించాక అని చెప్పిందట వదిన.

నేను గోడలకి రంగులు వేసేవాణ్ణి కాబట్టి టాంకు నా వాటాకి వచ్చింది. రెండుసార్లు వేశాను, రెండుసార్లూ గీకించేసింది. "నీ గోడ కాదయ్యా ఇది, దగ్గరగా మొహం పెట్టి చూసేది" అంది. మూడోసారి వేసిన నల్లరంగులో నా మొహం కనిపించాక గానీ ఊరుకోలేదు.

ఇక ప్యాకింగుల వంతు వచ్చింది. అంటే, రెండు ఇనప ముక్కల మధ్య ఆయిలు కారకుండా వేసే అట్ట. ఆ పాత బండికి కొట్లో ఎక్కడా దొరకలేదు. అట్ట షీటు తెచ్చి, ఇంజను పక్క మూతని దాని మీద పెట్టి గీసుకుని, తన కత్తెరతోనే కత్తిరించింది. బయటికి కాస్త ఎక్కువ వచ్చిన అంచుని బిగించాక బ్లేడుతో కోసేసింది. ఎంత బాగా కుదిరిందంటే, పని ఎందాకా వచ్చిందో చూడ్డానికి వచ్చిన గురువుగారు వేలితో తడిమి చూసి తలూపాడు.

ముప్పయ్యో తారీఖు పొద్దున, అంటే గడువుకి ఒక్క రోజు ముందు, నాలుగో కిక్కుకి బండి అందుకుంది. ఆ చప్పుడు విని పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పది నిమిషాలు కూడా కాలేదు, వదిన గబుక్కున ఇంజను ఆపేసింది. మా ఎవరి చెవికీ ఏమీ తేడా తెలియలేదు. నూనె అందని మెషిన్ ఇలాగే అరుస్తుందని చెప్పి, పైన వాల్వుల మూత తీసింది. లోపల పొడిగా ఉంది. ఒక్క చుక్క ఆయిలు పైకి రాలేదు.

కబురు పెడితే గురువుగారు వచ్చి చూసి, ఆయిలు పంపు పోయిందని తేల్చేశాడు. ఆ పంపు ఇప్పుడు ఎక్కడా తయారవడం లేదట. అన్నయ్య సెక్రటరీకి ఫోను చేసి నెల రోజులు గడువు అడిగాడు. ఆయన ఇవ్వనన్నాడు. అన్నయ్య ఆ మాట మాకు చెప్పలేక చెప్పాడు.

వదిన అప్పటికే పక్క మూత విప్పుతోంది. పంపు బయటికి తీసి, గిన్నెలో ఆయిలు పోసి, అందులో ముంచి చేత్తో తిప్పింది. ఆయిలు చిమ్మి నేను రంగు వేసిన గోడ మీదే పడింది.

"పంపుకేం రోగం లేదు" అంది. "పంపు బాగుండి పైన ఎండిపోయిందంటే దారిలో ఏదో అడ్డం ఉంది. మిగతావన్నీ మా నాన్న రోజుల్లో నడిచినవే. దారిలో కొత్తగా వచ్చింది నేను కత్తిరించిన అట్ట ఒక్కటే."

ఆ అట్టని ఊడదీసి వెలుతురుకి పట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"గురువుగారూ, నేను దీనికి మెడ కత్తిరించాను."

ఆయనకి అర్థం కాలేదు, వదినే విడమరిచి చెప్పింది. గౌనుకి గానీ చొక్కాకి గానీ మెడ ఎప్పుడూ గీత మీద కత్తిరించరట. కాస్త లోపలికి, చిన్నగా కత్తిరిస్తారు. ఆ మిగిలిన గుడ్డని మడిచి కుట్టాక మెడ సరైన కొలతకి వస్తుంది. ముప్పై ఏళ్ళ అలవాటున్న చెయ్యి, అట్టలో ఆయిలు వెళ్ళే కన్నానికి కూడా మడతకి చోటు వదిలేసింది. పెన్సిలు పట్టాల్సిన కన్నం ఆవగింజంత అయింది. బోల్టులు బిగించేసరికి అట్ట నలిగి అదీ మూసుకుపోయింది.

గురువుగారు అట్టని చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు వంద మంది ఉంటారమ్మా. ఇంజను ఆగితే ముందు పంపుని తిడతారు, తర్వాత కంపెనీని తిడతారు. తన చేతి పని వంక ముందు చూసుకున్నవాణ్ణి నేను చూడలేదు. నన్ను కూడా కలిపే చెబుతున్నా."

వదిన కత్తెర అందుకుంది. కొత్త అట్ట పరిచి, ఈసారి గీత మీదే కత్తిరించింది. గురువుగారు వెళ్ళలేదు. ఆవిడ అడిగినప్పుడల్లా పానా అందిస్తూ పక్కన కూర్చున్నాడు. పొద్దు వాలేలోపు వాల్వుల మీద ఆయిలు తళతళమంటూ కనిపించింది. గుండీల డబ్బాలన్నీ ఖాళీ, ఒక్క బోల్టు కూడా మిగల్లేదు.

ఒకటో తారీఖు పొద్దున వదినే నడిపింది. నేనూ అన్నయ్యా సామాన్ల వ్యానులో వెనక వెళ్ళాం. సెల్లారు దగ్గర సెక్రటరీ పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. బండి తన కాళ్ళ మీద తను వాలు దిగి లోపలికి వచ్చింది. ఆయన టైర్ల నుంచి టాంకు దాకా ఓసారి చూసి, బండి ఓనరు మీరేనా సార్ అని అన్నయ్యని అడిగాడు. నేను చీటీలు రాసినవాణ్ణండీ, ఓనరు ఆవిడ అన్నాడు అన్నయ్య. సెక్రటరీ పదకొండో నంబరు చోటు రాసిచ్చాడు.

అన్నయ్య హమ్మయ్య అనుకుని, ఇక దిగు, పైన సామాను సర్దుకోవాలి అన్నాడు.

"మీరు సర్దుతూ ఉండండి. చోటు ఎక్కడికీ పోదుగా" అంది వదిన. సెల్లారులోనే బండి తిప్పుకుని, గేరు వేసి, వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయింది. గంటన్నరకి గానీ రాలేదు. ఆ మంచాలూ బీరువాలూ మూడో అంతస్తుకి మోసింది మేమే.