పిచ్చుక, 1961 మోడలు

“కడుగు, తుడువు, ఏమైనా చెయ్యి. సీటు మాత్రం కదపకు. నా సెట్టింగు పోతుంది.”

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున నేను బకెట్టు పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళగానే మా ఆయన అనే మాట ఇది. ఆ సీటు కింద రాలిన బిస్కెట్టు ముక్కలు ఏరేది నేను. వెనకసీటు మీద మా అమ్మాయి ఒలకబోసిన రంగునీళ్ళు తుడిచేది నేను. నడిపేది ఆయన. లైసెన్సు నాకూ ఉంది, బీరువాలో మిక్సీ వారంటీ కార్డు కింద. రెండిట్లో ఎక్కువసార్లు బయటికొచ్చింది వారంటీ కార్డే. కారు కొన్న కొత్తలో ఒకసారి వెనక్కి తీస్తూ గేటుకి తగిలించాను. వేలెడంత గీత. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మంచినీళ్ళ తర్వాత ఆ కథే. “మా ఆవిడ గేటుని పలకరించింది లెండి,” అని ఆయన. “దానికెందుకురా డ్రైవింగు, ఎక్కడికెళ్ళాలన్నా నువ్వున్నావుగా,” అని మా అత్తగారు. నిజమే, ఉన్నారు. నేను వెళ్ళాలనుకున్న రోజున తప్ప.

అలాంటి నేను ఇప్పటికి ఇరవైమూడు కార్లు తయారుచేశాను.

కంగారుపడకండి, కంప్యూటర్లో. కార్ల కంపెనీ నడిపే ఆట ఒకటి మా అమ్మాయి పెట్టుకుని, వారంలో విసిగి వదిలేసింది. ఇంట్లో అందరూ వదిలేసినవి చివరికి నా దగ్గరికే చేరతాయి కదా, అడుగంటిన కూరలూ, పొట్టయిన స్వెట్టర్లూ. ఇదీ అలాగే చేరింది. మధ్యాహ్నం వాషింగ్ మెషిన్ ఒకసారి తిరిగేలోగా ఒక బానెట్టు గీస్తాను. బట్టలు ఆరేసొచ్చి తలుపులు. గీస్తే సరిపోదు. ఆ ఆట ఆడేవాళ్ళ ఫోరంలో కారు పక్కన దాని చరిత్ర కూడా రాసి పెట్టాలి. ఏ ఏడు పుట్టింది, ఎవరు గీశారు, జనం ఏమన్నారు. లేని కంపెనీకి ఉన్నట్టే కథ. చెప్పకుండా ఊడిపడ్డ చుట్టాలతో “మీ కోసమే చూస్తున్నాం” అని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నదాన్ని, నాకు అదొక లెక్కా?

‘అత్తయ్య’ అని నాకొక పెద్దబండి ఉంది, 1954ది. గట్టిది, ఎక్కడా ఆగదు, ప్రతి ఎత్తు దగ్గరా గొణుగుతుంది. ‘ఆడపడుచు’ రెండు తలుపుల బండి. ఎండాకాలంలో మాత్రమే వస్తుంది, వచ్చినన్నాళ్ళూ ఇల్లంతా దాని చుట్టూ తిరగాలి. “సార్, మీరు కేక సార్,” అని రాసేవారు ఫోరంలో. అకౌంటు మా అమ్మాయి వాళ్ళ నాన్న పేరుతో తెరిచింది మరి. దిద్దాలనుకుంటూనే దిద్దలేదు. సార్ అనిపించుకోవడం బాగానే ఉంది కూడా, దాచడమెందుకు.

ఫోరంవాళ్ళు పెట్టే పోటీకి ఈసారి ‘పిచ్చుక’ని పంపాను. 1961 మోడలు, చిన్నకారు. డిక్కీ అంచు మోకాలి ఎత్తులో ఉంటుంది, సంచి ఎత్తక్కర్లేదు, జరిపితే చాలు. పిల్లని చంకనేసుకుని కూడా తలుపు తీయొచ్చు. చరిత్ర మూడు పేజీలు రాశాను. కంపెనీ పెట్టిన పెద్దాయన ఒకరోజు కిటికీలోంచి భార్య సంచులు మోసుకురావడం చూసి, జాలిపడి, అక్కడికక్కడే పిచ్చుక బొమ్మ గీశాడు. ఫ్యాక్టరీ తెరిచిన రోజు ఫొటోలో మధ్యన ఆయన, చుట్టూ ఇంజనీర్లు, చివరన కాఫీ ట్రేతో ఆవిడ.

ఆదివారం సాయంత్రం దాకా మార్పులు చేసుకోవచ్చు. శనివారం మధ్యాహ్నం ఫోరంలో గేరు తాత రాశారు. రిటైరైన మెకానిక్, అందరూ అలాగే పిలుస్తారు. “బండి బంగారం సార్. చరిత్రే అతకలేదు. నలభై ఏళ్ళు డిక్కీలు తెరిచినవాణ్ణి చెబుతున్నా, ఈ అంచు పెట్టింది సంచి మోసిన చెయ్యి. కిటికీలోంచి చూసినవాడు కాదు. మార్చకపోతే జడ్జీలు పక్కన పెట్టేస్తారు.”

మెషిన్ ఆగి పిలుస్తున్నా లేవలేదు. ఆ కంపెనీ నాది, ఆ దేశం నాది, ఆ ఏడు కూడా నాదే. అక్కడ అడ్డుచెప్పే అత్తగారు లేరు, నవ్వే మొగుడు లేడు. అయినా ఎవరూ అడగకుండానే, నా చేత్తో నేనే ఆ మనిషికి ట్రే ఇచ్చి ఫొటో చివర నిలబెట్టాను. మూడు పేజీల్లో ఒక్క మాట మాట్లాడనివ్వలేదు.

ఆదివారం కారు కడగలేదు.

“ఏంటీ, బకెట్టు కనపడదే?” అన్నారాయన పేపరు వెనకనుంచి.

“పనిలో ఉన్నాను.”

“ఏం పని?”

“ఫ్యాక్టరీ పని.”

ట్రే పెద్దాయన చేతికిచ్చాను. పాపం, బాగానే పట్టుకున్నాడు. ఆవిణ్ణి మధ్యకి తెచ్చి కొలతల టేపు చేతిలో పెట్టాను. మొదటి పిచ్చుకని ఫ్యాక్టరీలోంచి బయటికి తీసింది ఆవిడే. తీస్తూ గేటుకి తగిలించింది. ఆ గీతకి రంగు వేస్తామంటే ఒప్పుకోలేదు, ఆ బండి ఇప్పటికీ గీతతోనే ఉంది అని రాశాను. కింద గేరు తాతకి ఇంకో ముక్క: “ఇప్పుడు అతికిందా? నేను సార్‌ని కాదు. ఈ పేరు మా ఆయనది. బండి నాది.”

వెంటనే జవాబొచ్చింది. “అనుకున్నానమ్మా. మీరే చెబుతారని ఊరుకున్నా. ఇంతకీ మీరు నడిపేది ఏ బండి?”

ఇరవైమూడు చరిత్రలు కల్పించినదాన్ని, దానికి ఒక్క అబద్ధం దొరకలేదు.

సాయంత్రం, సామాన్లు తేవాలన్నాను. “రేపు చూద్దాంలే,” అన్నారాయన కళ్ళు తెరవకుండానే. బీరువా తీశాను. మిక్సీ వారంటీ ఎప్పుడో అయిపోయింది. లైసెన్సుకి ఇంకా నాలుగేళ్ళుంది. మా అమ్మాయి పక్కన కూర్చుని బెల్టు కాస్త గట్టిగానే బిగించుకుంది. నేను సీటు కింద మీట లాగాను. నాలుగు మెట్లు ముందుకి జరిగితే బ్రేకు నా కాలికందింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. “ఎక్కడా తగల్లేదే,” అన్నారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, “శుక్రవారం కళ్ళడాక్టరు దగ్గరికెళ్ళాలి. వాడికి ఆర్నెల్లనించీ కుదరట్లేదు,” అన్నారు.

సోమవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరిన ఆయన మోకాలు స్టీరింగుకి ఠంగున కొట్టుకుంది. “అబ్బా! సీటెవరు కదిపారు?”

“నేనే,” అన్నాను గేటు తీస్తూ. “సాయంత్రం దిగేటప్పుడు మళ్ళీ అలాగే పెట్టండి. నా సెట్టింగు పోతుంది.”